మా నాయన కోయని కప్ప

మా ఇంట్లో జానెడు పొడవు చెక్కపెట్టె ఒకటి ఉంది. మూత తీస్తే తుప్పూ, పాత ఖాకీగుడ్డా, ఎండిన వేపాకూ కలగలిసిన వాసన ఒకటి బయటికొచ్చి ఇల్లంతా తిరిగి చూసి గాని లోపలికి పోదు. ఆ వాసన పడక మా ఆవిడ పెట్టెను బీరువాలోంచి బీరువా మీదికి, అక్కణ్ణించి అటక మీదికి తరిమింది. ఇంకొక్క మెట్టు ఎక్కిస్తే అది నేరుగా స్వర్గంలో ఉన్న మా నాయన చేతికే అందుతుంది. లోపల ఒక కత్తెర, ఒక చిన్న పట్టకారు, నాలుగు సూదులు, ఒక సన్నకత్తి. పట్టకారు అరిగిపోయింది. కత్తి మాత్రం కొన్ననాటి పదునుతో అట్లే ఉంది, ఎందుకంటే అది ఏ కప్పనైతే కోయాలని వచ్చిందో ఆ కప్పను కోయనే లేదు.

మా నాయన కండక్టరు. ముదిగుబ్బ అవతల మా ఊళ్లో రాత్రి నిద్రపోయి తెల్లారి అనంతపురం పోయే సావుకారు బస్సు ఆయన రాజ్యం. ఆ బస్సు లేపే దుమ్ములో చిక్కుకున్న ఎద్దుబండ్లు రెండేసి రోజులు దారి తెలియక తిరిగి, చివరికి మడకశిరలో తేలి అక్కడి కన్నడం నేర్చుకొని వచ్చేవని మా ఊళ్లో చెప్పుకునేవాళ్లు. నేనూ అదే చెప్తున్నాను, సాక్ష్యం అడక్కండి. బస్సు పొద్దున చేరితే సాయంత్రం దాకా అనంతపురంలోనే ఆగేది. ఆ మధ్య గంటల్లో తక్కిన కండక్టర్లు చెట్టునీడన పులిజూదం ఆడుకుంటుంటే, మా నాయన మెడలో ఈల, చంకలో టికెట్ల సంచితో కాలేజీకి పోయి, మీసాలైనా మొలవని పిల్లల మధ్య ముప్పై దాటిన మనిషి, డాక్టరు చదువుకు మెట్టయిన పీయూసీ పాఠాలు వినేవాడు. ఒకసారి అయ్యవారు హాజరు పిలుస్తుంటే నిద్రమత్తులో ఉన్న మా నాయన "ముందుకు జరగండప్పా, ముందుకు జరగండి" అన్నాడట. క్లాసు క్లాసంతా బెంచీలతో సహా ముందుకు జరిగిందని డ్రైవరు ఖాదరన్న ప్రమాణం చేసి చెప్పేవాడు.

ఆయనకు డాక్టరు కావాలని ఎందుకు పట్టిందో ఊళ్లో ఎవరూ అడగలేదు. నాకు నాలుగేళ్లప్పుడు మా అమ్మను జ్వరంతో అదే బస్సులో అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే పోయింది. రైట్ అని ఈల ఊదింది ఆయనే, ఆపమని ఊదిందీ ఆయనే.

ఆ తర్వాత మా ఇంట్లో నాకు తోడు అవ్వ, అవ్వకు తోడు వక్కాకు. నాయన ఇంటికి చేరేసరికి చీకటిపడేది. సంగటిముద్ద ఒక చేత్తో మింగుతూ, ఇంకో చేత్తో పుస్తకం పట్టుకొని, మధ్యమధ్య నన్ను చూసి "తిన్నావేమిరా?" అనేవాడు. నేను జవాబు చెప్పేలోగా ఆయన వానపాము కడుపులోకి దిగిపోయేవాడు. పుస్తకంలోని వానపాముకు, బొద్దింకకు దక్కిన చూపుల్లో పావలా వంతు నాకు దక్కివుంటే నేను ఈపాటికి మంత్రినై ఉండేవాణ్ణి. ఆ ఏడు ముంగారు వానలు మొహం చూపించలేదు. వేరుసెనగ మొక్క మూరెడు కావాల్సింది బెత్తెడయి ఆగిపోతే, నా ఈడు పిల్లలను వెంటబెట్టుకొని వాళ్ల అమ్మానాన్నలు కూలికోసం తుంగభద్ర కాలవల కిందికి పోయారు. చిల్లాకట్టె ఆటకు నేనొక్కణ్ణే మిగిలాను. నేనే కొట్టి, నేనే పరుగెత్తి తెచ్చుకొని, నేనే ఓడిపోయేవాణ్ణి.

మార్చి పరీక్షల్లో మా నాయన రాతపరీక్షలన్నీ గట్టెక్కి ప్రాక్టికల్సులో కప్ప దగ్గర తప్పాడు. చెయ్యి వణికి ఏదో నరం తెగి, కప్ప నిండా నెత్తురే తప్ప ఇంకేమీ కనిపించలేదట. మళ్లీ సెప్టెంబరులో ఒకే ఒక్క అవకాశం. వచ్చే ఏటినుంచి బస్సును అనంతపురంలో ఆపకుండా గుత్తి దాకా నడుపుతానని సావుకారు అన్నాడు, కాబట్టి సెప్టెంబరు దాటితే కాలేజీ లేదు, డాక్టరూ లేడు. అందుకని చెయ్యి తిరగడానికి ఈ పెట్టె కొన్నాడు, కోయడానికి కాలేజీ నౌకరును బతిమాలి బతికున్న కప్పనొకదాన్ని సంపాదించాడు. తడిగుడ్డలో చుట్టి, టికెట్ల సంచిలో పెట్టి, టికెట్టు లేకుండా దాన్ని మా ఊరికి చేర్చాడు.

కప్పంటే అదీ కప్ప! చెంబంత ఒళ్లు, అణాకాసులంత కళ్లు, మా సావుకారు గొంతు. నీళ్లకుండ కింద తడిఇసకలో దాని కాపురం. నేను దానికి రంగమ్మ అని పేరుపెట్టి, ఈగలను పట్టి పెట్టి, బడిలో జరిగిందీ జరగనిదీ అంతా చెప్పుకునేవాణ్ణి. చెప్పింది సాంతం వినే ప్రాణి మా ఇంట్లో అదొక్కటే. ఆదివారం కోతని నాయన చెప్పిన రోజునుంచి దానికి ఈగలు రెండింతలు పట్టి పెట్టాను.

వినాయకచవితికి అవ్వ ఓళిగలు, అంటే బొబ్బట్లు, అరచేతంతవి చేసింది, మామూలుగా అవి చేటంత ఉంటాయి. పండగ పోయినా మబ్బు రాలేదు. ఇక కప్పతల్లిని ఊరేగించాల్సిందేనని ఊరు తీర్మానించింది. రోకలికి వేపరొట్ట చుట్టి, నడుమ కప్పను కట్టి, ఇల్లిల్లూ తిరిగితే ఆడవాళ్లు బిందెడు నీళ్లు పోస్తారు, కప్ప అరుస్తుంది, వాన వస్తుంది. ఇదీ మర్యాద. చిక్కల్లా ఏమిటంటే, ఎండిన చెరువులో మనిషిలోతు తవ్వినా ఊరి కప్ప ఒక్కటీ దొరకలేదు. ఆదివారం పొద్దున, నాయన పలక మీద నూనెగుడ్డ పరిచి సూదులు సర్దుకుంటుండగా, ఊరి పెద్దమనిషి గంగప్ప తాత పదిమందితో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"ఏమప్పా కండక్టరూ, ఊరంతా గొంతు తడి ల్యాక ఎండుతాంటే, ఉండే ఒక్క కప్పనూ నువ్వు కోసుకుంటావంట?"

"బేస్తవారం పరీచ్చ ఉండాది మామా. చెయ్యి తిరగల్ల."

"నీకు బేస్తవారమొగటే పరీచ్చ. మాకు దినామూ పరీచ్చే."

లోపల్నుంచి అవ్వ వక్కాకు ఉమ్మి వచ్చింది. "ఇచ్చేయ్‌రా నాయనా. నీళ్లే ల్యాకపోతే డాక్టరయి చేతులు యాడ కడుక్కుంటావు?"

నాయన చాలాసేపు కప్పను చూశాడు. ఆమీద నన్ను చూశాడు, ఎందుకో. "మళ్లీ తెచ్చిస్తారా మామా?" అని అడిగాడు. ఊరు తిరిగిన కప్పను బావిలో వదలడమే ఆచారమని ఆయనకూ తెలుసు. గంగప్ప తాత పైగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. నాయన లేచి, కుండ కిందినుంచి రంగమ్మను తీసి, ఆయన చేతుల్లో పెట్టాడు.

ఊరేగింపు వెంట నేను ఊరంతా తిరిగాను. బిందెడు పోయాల్సిన ఆడవాళ్లు చెంబెడు పోశారు, చెంబెడు పోయాల్సిన వాళ్లు వేళ్లతో చిలకరించారు. అయినా రంగమ్మ సావుకారు గొంతుతో మూడువీధులూ అదరగొట్టింది. తర్వాత దాన్ని బావి అడుగున మిగిలిన బురదలో వదిలారు. ఇంటికొస్తే మా నాయన వంకాయకు నాలుగు అగ్గిపుల్లలు కాళ్లుగా గుచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, సూదులు దించి, పై తోలు మాత్రం తెగేలా ఊపిరి బిగబట్టి బ్లేడుతో కోస్తున్నాడు. కొత్తకత్తి పదును పరీక్షకే ఉండాలట. బుధవారం దాకా మా ఇంట్లో ఆ కప్పలకూరే. గుండె, ఊపిరితిత్తులు, పేగులు ఎక్కడెక్కడుంటాయో నాకు వంకాయలోనే తెలుసు.

మబ్బు బుధవారం సాయంత్రం వచ్చింది. పరీక్షనాడు తెల్లవారేసరికి ఊరి మీద ఎవరో చెరువును బోర్లించినట్టుంది. మామూలు వేళకే బస్సు బయలుదేరి, రెండుమైళ్లు పోయి, వంక దగ్గర ఆగిపోయింది. ఎన్నేళ్లుగానో ఇసుక తప్ప ఏమీ పారని వంకలో ఎర్రనీళ్లు చెట్లను మోసుకొని పోతున్నాయి. కబురు తెలిసి ఊరు ఊరంతా డప్పులతో పరుగెత్తింది, నేనూ పరుగెత్తాను. గంగప్ప తాత మా నాయన మెడలో వేపమండల దండ వేసి, "నీ కప్పేనప్పా, నీ కప్పే తెచ్చినాది!" అని ఎగిరాడు. ముసలివాళ్లు నీళ్లను కళ్లకద్దుకుంటున్నారు. మా నాయన దండతో, చంకలో పెట్టెతో, అవతలి గట్టు వైపు చూస్తూ నిలబడ్డాడు. అంత గుంపులోనూ ఆయన చుట్టూ ఎవరో గీత గీసినట్టు కొంత జాగా ఖాళీగా ఉంది.

ఉన్నట్టుండి నీళ్లలోకి దిగాడు. మోకాళ్ల దాకా పోయాడో లేదో ఖాదరన్న వెనకనుంచి బెల్టు పట్టుకున్నాడు. "అన్నా, ఇట్లే పోతే నువ్వు కప్పను కొయ్యవు, ఆస్పత్రిలో నిన్నే కోస్తారు. రా."

వచ్చేశాడు. బస్సులో ముందుసీటులో కూర్చున్నాడు. నేను ఎక్కి పక్కన కూర్చున్నాను. పరుగులో నా మడమలో తుమ్మముల్లు దిగి విరిగింది. ఆయన పెట్టె తెరిచి, పట్టకారు తీసి, నా పాదాన్ని ఒళ్లో పెట్టుకొని, వంకాయను కోసినంత శ్రద్ధగా ముల్లు లాగాడు.

"నొచ్చినాదా?"

"ల్యా."

నొచ్చింది. కాని ఆ రోజు ఆయన ఎక్కడికీ పోలేడు, చేతిలో పుస్తకం లేదు, నా పాదం తప్ప ఆయన చూడటానికి ఇంకేమీ లేదు. వాన పడినందుకు ఊరంతా సంతోషించింది. నేను దేనికి సంతోషించానో ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం అవ్వ పంపిన బొరుగుల ఉగ్గాణి ఇద్దరం ఒకే ఆకులో తిన్నాం. పరీక్షవేళ దాటేదాకా ఆయన జేబుగడియారం చూస్తూనే ఉన్నాడు, తర్వాత దాన్ని జేబులో పెట్టేసి మళ్లీ తీయలేదు.

పొద్దు గుంకుతుండగా వంక రెండు గట్లనుంచీ, చేలనుంచీ, చెరువునుంచీ కప్పలు మొదలుపెట్టాయి. వంద కాదు, వెయ్యి కాదు, అనంతపురం జిల్లాలోని కప్పలన్నీ అక్కడే సభ పెట్టాయి. నాయన చాలాసేపు విని, మెల్లిగా అన్నాడు.

"ఇన్ని కప్పలు ఇన్నాళ్లూ యాడుండెనురా?"

ఆ తర్వాత ఆయన కాలేజీ మెట్లెక్కలేదు. పెట్టెను మాత్రం టికెట్ల సంచిలోనే ఉంచుకొని, రిటైరయ్యేదాకా బస్సెక్కిన వాళ్ల కాళ్లలో ముళ్లు తీశాడు. డాక్టరు కండక్టరని పిలిస్తే పలికేవాడు.

ఇప్పుడు ఆ వంక మీద వంతెన ఉంది, ఏ బస్సూ ఆగదు. అందరి కాళ్లకూ చెప్పులున్నాయి, పట్టకారుతో పనిలేదు. పోయిన ఏడు మంచి వాన పడిన సాయంత్రం కారు వంతెన మీద ఆపించి, దిగి, కమ్మీ పట్టుకొని నిలబడ్డాను. కింద నీళ్లు పారుతున్నాయి. ఒక్క కప్పా అరవలేదు. పూర్తిగా చీకటిపడేదాకా ఉన్నాను. "ఎవరైనా రావల్లా సార్?" అని అడిగాడు డ్రైవరు.

లేదన్నాను.