సాంబ్రాణి తాగిన ఇంజను

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున అక్క ఫోన్ చేసి, "మీ బావ పోయినాడు రా" అంది. తిరువళ్ళూరులో బండ్ల ఇంజన్లు బాగుచేసే షెడ్డు నడిపిన మా బావ. అప్పటినుంచి నేను ఒకచోట కూర్చోలేకపోతున్నాను. కాఫీ తాగబోయి మధ్యలో లేస్తాను, వీధి చివరిదాకా పోయి ఎందుకొచ్చానో తెలియక తిరిగొస్తాను. ఆయనకి చెప్పాల్సిన మాట ఒకటి నాలోనే ఉండిపోయింది. ఇప్పుడు మీకు చెప్తున్నాను.

నేను ఎనిమిది తప్పినవాణ్ణి, బావ పది తప్పాడు. ఆ రెండు క్లాసుల గర్వం ఆయనకి చివరిదాకా పోలేదు. పాత ఇంజన్లకి ఆయన చెవే మీటరు. కంప్యూటర్ ఇంజన్లు వచ్చాక, యాభై దాటిన మనిషి రోజూ చెన్నై రైలెక్కి పోయి ఆ పని నేర్చుకుని, ఒక లాప్‌టాప్ తెచ్చుకున్నాడు.

"ఏం బావా, ఇంజనుకి జాతకం చూస్తా ఉండావా?" అన్నాను.

"జాతకం కాదురా, నాడి. రెప్ప కొట్టే సేపుని నూరు ముక్కలు చెయ్. అందులో ఒక్క ముక్కసేపే డీజిల్ చిమ్మాల. ఎంత గాలి పోతాందో తెలిస్తేనే ఎంత చిమ్మాలో దానికి తెలిసేది."

ఆ గాలిని కొలిచేది గాలిగొట్టంలో ఉండే వెంట్రుకంత తీగ. దాన్ని ఎవరినీ వేలితో తాకనిచ్చేవాడు కాదు.

ఒక ఆయుధపూజ రోజు, తిరుత్తణి కొండకి జనాన్ని ఎక్కించే నా వ్యాను ఆయన షెడ్డులో ఉంది. ఫిల్టరు విప్పి పక్కన పెట్టి బావ భోజనానికి పోయాడు. నేను ఇంజను స్టార్ట్ చేసి, సాంబ్రాణి పొగని గాలిగొట్టం ముందు పెట్టాను. పొగంతా సర్రున లోపలికి పోయింది. "చూడండప్పా, నా బండికి ఎంత భక్తో!" అని పూజకొచ్చిన పిల్లలందరినీ నవ్వించి, ఇంకో గుప్పెడు వేశాను.

మర్నాడు వ్యాను సగం కొండలో నీరసపడింది. బావ మూడు రోజులు వెతికాడు. పక్క వ్యాన్లవాళ్ళు షెడ్డు ముందే నిలబడి, "పెద్దాయనకి కంప్యూటర్ పట్టుబళ్ళేదు, కంపెనీకే తోలుకోని పో" అన్నారు. ఇద్దరు తమ బండ్లు వెనక్కి తీసుకుపోయారు కూడా. ఆ పొగ వల్లేనేమోనని నాకు అనుమానం. ఊరందరినీ ఏడిపించేవాణ్ణి, చెప్తే నేనే నవ్వులపాలవుతానని ఊరుకున్నాను.

నాలుగో రోజు తీగ విప్పాడు. జిగురు పట్టిన ఆ తీగ, గాలి తక్కువ పోతోందని చెప్పింది. కంప్యూటర్ నమ్మి డీజిల్ తగ్గించింది. కడిగి బిగించగానే వ్యాను కొండెక్కింది.

"ఏమైందన్నా దానికి?" అని వ్యాన్లవాళ్ళు అడిగారు.

"దుమ్ము," అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "కంప్యూటర్ అబద్ధం చెప్పదురా. ఎవురో చెప్పిన అబద్ధాన్ని నమ్ముతాది, అంతే."

ఆ రోజునుంచి నా పేరు మారింది. "రా రా సాంబ్రాణీ, యాడ పోయినావు?" అనేవాడు బావ. మొద్దుని సాంబ్రాణి అనడం మావైపు మామూలే. నేనూ తిరిగి తిట్టేవాణ్ణి. కానీ ఆ పిలుపు విన్నప్పుడల్లా లోపల ఉలికిపడేవాణ్ణి. తెలుసా? తెలియదా? ఒక్కసారీ నేను అడగలేదు.

కర్మ అయినరోజు అక్కకి చెప్పేశాను. ఆమె ఏడుస్తూనే నవ్వింది.

"తెలీదనుకుంటివా? ఆ తీగ ముక్కు కాడ పెట్టుకోని చూసినాడంట. 'మీ తమ్ముడు ఇంజనుకి గూడా పొగేసినాడే. నేనడగను, వాడే చెప్పనీ' అనినాడు. చెప్తావని చూస్తానే ఉన్నాడురా."

షెడ్డులో ఫోటో ముందు అక్క సాంబ్రాణి వేసింది. బావ విప్పి సగంలో వదిలేసిన లారీ ఒకటి అక్కడే ఉంది, గాలిగొట్టం నోరు తెరుచుకుని. పొగ మెల్లగా అటే పోతోంది. నేను లేచి, భుజం మీది తుండు తీసి, ఆ గొట్టం నోటికి గట్టిగా కట్టాను.