క్రావడి లేని గ్లాసులు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లేదు. కనీసం, తెలియనిదేదీ నా కంటికి ఆనేది కాదు. సెల్‌ఫోన్లకు ఇంకా బొత్తాలుండే కాలం. నందిగామలో ఒక గిఫ్టు షాపులో లేజరు మిషను పెట్టారు. కంప్యూటరులో పేరూ పువ్వూ అమర్చి మీట నొక్కితే గాజు గ్లాసు మీద తెల్లగా చెక్కేది. మీట నొక్కే ఉద్యోగం నాది. (బంధువులకు మాత్రం ఇంజనీరునని చెప్పుకునేవాణ్ణి.) రోజూ జగ్గయ్యపేట నుంచి బస్సులో వెళ్లొచ్చేవాణ్ణి. మా బజారులో స్టీలు సామాన్ల కొట్టు ముందు ఒక ముసలాయన పీట వేసుకుని, గుయ్యిమనే కరెంటు పెన్నుతో బిందెల మీదా పళ్లేల మీదా పేర్లు చెక్కేవాడు. అందరూ పేర్ల తాత అనేవారు. సాయంత్రం బస్సు దిగగానే నేను చేసిన గ్లాసొకటి ఆయన ముందు పెట్టి, "నీ పని అయిపోయినట్టే తాతా" అనడం నాకు కాఫీ లాంటి అలవాటు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వును చేతకానితనం అనుకునేంత తెలివి నాది.

మా హైస్కూలు తెలుగు మాస్టారు రిటైరవుతూ, విందుకొచ్చే వాళ్లకు తలా ఒకటి ఇవ్వడానికి అరవై గ్లాసులు నాకే పురమాయించారు. "మనవాడే చేస్తున్నాడని ఊరంతా చెప్పా. పరువు నిలబెట్టరా" అన్నారు. పైన మల్లెతీగ, కింద 'శ్రీమతి, శ్రీ' అంటూ దంపతుల పేర్లు. మొదటి గ్లాసు తెచ్చి పేర్ల తాతకు చూపించాను. ఆయన వెలుగుకెత్తి చూసి, "క్రావడి ఏది అబ్బాయ్?" అన్నాడు.

"గ్లాసుకి కావడెందుకు తాతా, నీళ్లు మోయించడానికా?"

"కావడి కాదయ్యా, క్రావడి."

"పళ్లూడితే మాట ఇలాగే తిరుగుద్దిలే" అని బజారంతా వినబడేలా నవ్వి వచ్చేశాను. (ఇది రాస్తుంటే ఇప్పటికీ చెవులు కాలుతున్నాయి.) మర్నాడు మిగతా యాభై తొమ్మిదీ చెక్కి పారేశాను.

విందు రేపనగా రెండు అట్టపెట్టెలూ మాస్టారింట్లో దించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, క్లాసులో చదివినట్టే పైకి చదివారు. "శీమతి. శీ." ఆగారు. "ఒరేయ్, వచ్చినవాళ్లకు అన్నం పెట్టి, చేతికి శీ అని ఇచ్చి పంపమంటావా?"

లోపల్నుంచి అమ్మగారు, "ఎవర్నండీ, శీ అంటున్నారు?" అన్నారు.

"మనల్నే. మనవాడు గాజు మీద చెక్కి మరీ అన్నాడు." తర్వాత నా వైపు తిరిగి, మెల్లగా, "క్రావడి ఏదిరా?" అన్నారు.

శ్రీ కింద చుట్టుకునే ర వత్తు పేరు క్రావడి. ఆరో తరగతిలో ఆ పాఠం చెప్పింది ఈయనే. వినకుండా కిటికీలోంచి బయటికి చూసింది నేనే. కంప్యూటరులో వత్తుకు వేరే కీ ఉంటుంది. నేను నొక్కలేదు. మిషను పాపం, చెప్పింది చెప్పినట్టు చేసింది. చెక్కేసిన గ్లాసును మళ్లీ అదే కొలతకు నిలబెట్టి వత్తొక్కటే చేర్చే విద్య ఇంజనీరుగారికి రాదు.

రెండు పెట్టెలకూ తాళ్లు కట్టి, చెరో చేత్తో వేలాడేసుకుని బజారుకు నడిచాను. పేర్ల తాత నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"వచ్చావా, కావడెత్తుకుని" అన్నాడు.

అంతే. పీట పక్కన చోటు చూపించి, పెన్ను అందుకున్నాడు. "గాజు కదా, చెయ్యి తేలిగ్గా ఉండాలి. నువ్వు మాట్టాడకు." ఆ మధ్యాహ్నమంతా నేను గ్లాసులు అందిస్తూ, నోరు మెదపకుండా కూర్చున్నాను. గ్లాసుకు రెండేసి క్రావళ్లు, ఒక్కటీ పగల్లేదు. ఆఖరి గ్లాసు మాత్రం వత్తు పెట్టకుండా నా చేతికిచ్చాడు. "ఇది నువ్వుంచుకో."

మాస్టారి విందు పరువుగానే జరిగింది. ఒక గ్లాసు తగ్గిందేమని ఆయన అడగలేదు. పేర్ల తాతను క్షమించమని అడగాలని మాత్రం రోజూ బస్సు దిగుతూ అనుకునేవాణ్ణి. ఎగతాళికి ఎప్పుడూ తడుముకోని నోరు, దానికి తడుముకుంటూనే ఉండగా, ఒక రోజు పీట కనబడలేదు.

ఆ గ్లాసు ఇంకా ఉంది. "కొత్తవి ఇన్నుండగా ఆ తప్పుల గ్లాసెందుకండీ" అంటుంది మా ఆవిడ. పొద్దున్నే మంచినీళ్లకు ఎత్తగానే అది నా మొహం మీదే శీ అంటుంది. అవును తాతా అనుకుని, నవ్వుకుని, తాగేస్తాను.