పెరటాసి శనివారం నాటి సూది

మా కుక్కకు చక్కెర జబ్బు వచ్చింది. పదేళ్ళ నాటు కుక్క, జన్మలో లడ్డు ముఖం చూసి ఎరగదు. అయినా రోజూ కెలవరపల్లి డ్యామంత నీళ్ళు తాగేది, ఆ డ్యాము గేట్లన్నీ మా వరండాలోనే ఎత్తేది. బాగలూరు రోడ్డులోని పశువుల డాక్టరమ్మ రక్తం పరీక్ష చేసి, ఇన్సులిన్ సీసా నా చేతిలో పెట్టింది.

"పొద్దున ఏడింటికి ఒకటి, సాయంత్రం ఏడింటికి ఒకటి. ముందు తిండి, ఆమేలే సూది. తినకుండా వేస్తిరంటే ప్రాణం మీదికి వచ్చేస్తుంది సార్, చూసుకోండి."

ఆ చివరి మాట నాతోపాటు ఆటోలో ఇంటికి వచ్చి, ఫ్రిజ్‌లో సీసా పక్కనే కాపురం పెట్టింది. తలుపు తీసినప్పుడల్లా నన్నే చూసేది. ఆ సూది నిజానికి వెంట్రుకంత. నా కంటికి మాత్రం బర్గూరు క్వారీలో బండలు పగలగొట్టే గడ్డపార. మొదటి వారం నేను దాన్ని పట్టుకుని పావుగంటసేపు నిలబడేవాణ్ణి. మా అత్తగారు మేకలు కాచిన ఇంట్లో పుట్టిన మనిషి. వంటింటి గడపలోంచే ఎకసెక్కం చేసేది.

"మెడ కాడ తోలు పైకి పట్టి గుచ్చప్పా! ఏమి, సూదికి పూజ చేస్తా ఉండావా?"

కొన్నాళ్ళకు పని గాడిలో పడింది. రెండు పూటలా ఆరున్నరకు అత్తగారు రాగి సంకటి, గుడ్డు కలిపి కుక్కకు పెడుతుంది. తిన్నాక గిన్నె కడిగి మెట్టు మీద బోర్లిస్తుంది. బోర్లించిన గిన్నె కనబడితే నేను సూది వేస్తాను. మాటలతో పనే లేదు. మా ఇద్దరి మధ్య ఇంత సఖ్యత పెళ్ళినాడు కూడా లేదు.

అంతలో పెరుమాళ్ళకు ఇష్టమైన పెరటాసి నెల, మొదటి శనివారం వచ్చాయి. ఆ నెల శనివారాల్లో మా ఇంట్లో తళిగ వేస్తారు. అన్నం, పాయసం, వడలు ఆకుల్లో వడ్డించి, దీపం పెట్టి, గోవిందా అని దేవుడికి చూపించేదాకా ఎవరూ మెతుకు ముట్టరు. ఆ రోజు నా కడుపులో ఏనుగులు పరుగెత్తుతున్నాయి కాబట్టి ఆ నియమం నాకు బాగానే గుర్తుంది. అది కుక్కకు కూడా వర్తిస్తుందని మాత్రం తోచలేదు.

ఏడయింది. మెట్టు మీద గిన్నె బోర్లించి ఉంది. సూది వేశాను. మూడు సెకన్లలో ముగించానని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఎనిమిదిన్నర దాటాక కుక్క వరండాలో అడ్డంగా నడిచింది. కల్లు తాగినవాడి నడకలా ఉందని నవ్వాను కూడా. దాని ముందు కాళ్ళు మడత పడ్డాయి. లేచింది. మళ్ళీ పడింది. నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"అత్తా, ఇది పొద్దున ఎంత తినింది?"

"ఏందప్పా అట్లా అడగతావు? శనివారం కదా. తళిగ వేయకుండా దానికెట్లా పెడతాను? అదీ ఈ ఇంటిదే కదా!"

"గిన్నె బోర్లించి ఉండిందే!"

"రాత్రి కడిగి బోర్లించినాను. ఈ పొద్దు దాన్ని ఇంకా యాడ తీసినాను?"

"సూది వేసేసినాను, అత్తా."

ఆమె గరిటె పక్కన పెట్టి వరండాలోకి వచ్చింది. కుక్క ఒళ్ళంతా కొట్టుకుంటోంది. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే ఒకే మాట చెప్పింది: "చిగుళ్ళకు బెల్లం పాకం రాయండి, గొంతులో పోయొద్దు, వెంటనే తీసుకొని రండి."

బెల్లం పాకం ఇంట్లో ఉన్నది ఒక్క చోటే. దేవుడి పాయసానికని పొయ్యి పక్కన చల్లార్చి పెట్టింది. తళిగకు ముందు అత్తగారు ఉప్పు చూడటానికైనా వేలు నాకి ఎరగదు. ఆ గిన్నె ఎత్తుకుని వచ్చి నేల మీద కూలబడింది.

"పెరుమాళ్ళూ, నువ్వు కొంచేపు ఆగప్పా. నీకు సూది వేసినోళ్ళు ఎవురూ లేరు" అంటూ పాకంలో వేళ్ళు ముంచి, కుక్క పెదవులు ఎత్తి చిగుళ్ళకు రాసింది. పళ్ళు గిట్టకరిచి ఉన్నాయి. మళ్ళీ రాసింది.

ఆటోలో దాని తల నా ఒళ్ళో ఉంది. చీమను చూపించి ఏనుగని నమ్మించగల నాకు, ఆ ఊపిరిని మాత్రం ఉన్నదానికంటే పెద్దది చేయడం చేతకాలేదు.

మధ్యాహ్నానికి గ్లూకోజు ఎక్కి, కుక్క తలెత్తింది. "ప్రాణానికి భయం లేదు. చక్కెర అంతగా పడిపోయింది కదా, చూపు నిలుస్తుందా లేదా అనేది మాత్రం రెండు మూడు దినాలు పోతేనే తెలుస్తుంది" అంది డాక్టరమ్మ. ఆ సాయంత్రం సూది వద్దని, మర్నాటి నుంచి సగం మందు వేయమని చెప్పింది.

మేము ఇంటికి రాగానే అత్తగారు ముందు కుక్కకు పెట్టి, తరవాత దీపం వెలిగించింది. "ఇంక నా నోటితో చెప్తేనే సూది ముట్టాల" అంది.

మర్నాడు పొద్దున వంటింట్లోంచి కేక వచ్చింది. "తినిందప్పా! అంతా తినింది!"

సూది పట్టుకుని వరండాలోకి వెళ్ళి కుక్కను పిలిచాను. చప్పున లేచింది. సంతోషంగా తోక ఊపింది. నేను తలుపు దగ్గర ఉన్నాను. అది గోడ వైపు తిరిగి ఊపుతోంది.