పదకొండు గురువారాల యాదమ్మ

శనివారం పొద్దున కొండల్ ఫోన్ చేసినప్పుడు వరలక్ష్మి చిక్కుడుకాయలు తుంచుతోంది. రేపు ఒకామె మీ ఇంటికి వస్తుందని, బుద్వేల్ యాదమ్మ జాడ కావాలంటోందని అతను చెప్పాడు. వరలక్ష్మి తుంచడం ఆపలేదు. ఇంకో నాలుగు కాయలు గిన్నెలో పడ్డాక, "ఏ యాదమ్మ?" అంది.

"గదే అక్కా, సారు ప్రోగ్రాముల ఫోన్ జేస్తుండె గద. ఆమె."

"ఆవిడ ఎక్కడుందో మాకెలా తెలుస్తుంది కొండల్?"

"నాకేం ఎర్క? గామె రెండు నెలల సంది నా దుకాణం చుట్టు తిరుగుతున్నది. యాదమ్మను సూడకుంట ఇడ్వనంటది. జర పరేషాన్ అయ్యి మీ అడ్రస్ ఇచ్చిన. ఏమనుకోకు."

వరలక్ష్మి ఏమీ అనుకోలేదు. యాదమ్మ ఎక్కడుందో ఆమెకు బాగా తెలుసు. ఇరవై ఏళ్ళ క్రితం ఆ పేరు పెట్టుకుని టీవీకి ఫోన్ చేసింది తనే.

అప్పట్లో కొండల్ శంషాబాద్‌లో కేబుల్ కనెక్షన్లు ఇచ్చేవాడు. ఊళ్ళో టీవీలన్నీ తన వైరు మీదే నడుస్తున్నప్పుడు సొంతంగా ఒక చానల్ ఎందుకు ఉండకూడదనిపించి, దుకాణం పైగదిలో ఒక కెమెరా, ఒక నీలం పరదా, రెండు ప్లాస్టిక్ కుర్చీలు పెట్టి ‘కొండల్ విజన్’ మొదలుపెట్టాడు. అందులో ఏ కార్యక్రమమూ ఎక్కువ కాలం బతకలేదు. దయ్యాల సీరియల్ మూడు భాగాలు నడిచింది. దుప్పటి కప్పుకున్న దయ్యం కొండల్ బావమరిదేనని నడకను బట్టి పిల్లలు కూడా పోల్చేశారు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆ బావమరిది బజారుకు రావడం మానేశాడు. వంటల కార్యక్రమంలో వంట బాగానే కుదిరింది కాని మైకు మిక్సీ పక్కన పెట్టారు. క్విజ్ పోటీకి ఒక్కడే వచ్చాడు. అతనికి రెండో బహుమతి ఇచ్చారు.

వీటన్నిటి తర్వాత వచ్చింది ‘సలహా సమయం’. దాన్ని నడిపింది వరలక్ష్మి భర్త రాఘవయ్య. రేపల్లె నుంచి వచ్చి శంషాబాద్‌లో స్థిరపడిన మనిషి, కోళ్ళ దాణా కంపెనీలో అకౌంట్స్ ఆఫీసరు. ఆఫీసులో ఎవరికి ఏ ఫారం నింపాల్సొచ్చినా ఆయన దగ్గరికే వచ్చేవారు. ఫారాలు నింపగలిగినవాడు జీవితాలను కూడా సరిదిద్దగలడని ఆయనకు ఎప్పుడో నమ్మకం కుదిరింది. కంపెనీకి సెలవు గురువారం. కాబట్టి గురువారం పదకొండు గంటలకు, లైవ్.

మొదటి గురువారం ఇరవై నిమిషాలైనా ఫోన్ మోగలేదు. రాఘవయ్య ఆరుసార్లు మంచినీళ్ళు తాగాడు. ఫోన్ నంబరు చదివాడు, మళ్ళీ చదివాడు, వెనక నుంచి ముందుకు కూడా ఒకసారి చదివాడు. ఇంట్లో టీవీ ముందు కూర్చున్న వరలక్ష్మి చూడలేకపోయింది. కూతురు అలేఖ్య కాలేజీలో ఉంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. రిసీవర్ ఎత్తింది.

"నమస్కారమండి. నేను రావిర్యాల నుంచి సునీలనండి. మా పాప సరిగ్గా అన్నం తినడం లేదండి."

రాఘవయ్య ముఖం వెలిగింది. "మీ టీవీ వాల్యూమ్ కొంచెం తగ్గించుకోండమ్మా," అన్నాడు. తర్వాత పాప గురించి పన్నెండు నిమిషాలు చెప్పాడు.

ఆ మధ్యాహ్నం భోజనం దగ్గర, "కాల్ బాగానే వచ్చింది," అన్నాడు. "చూశాను," అంది వరలక్ష్మి. దాని గురించి ఆ ఇంట్లో జరిగిన చర్చ అంతే. తర్వాతి వారం ముగ్గురు ఫోన్ చేశారు. ముగ్గురూ వరలక్ష్మే.

ఆ సాయంత్రం కొండల్ ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "సారు, ఒక్క డౌటు. గీ రావిర్యాలోళ్ళు, సాతంరాయోళ్ళు అందరు గుంటూరోళ్ళ లెక్క మాట్లాడుతున్నరేంది?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. వంటింట్లోంచి విన్న వరలక్ష్మికి విషయం అర్థమైంది. పాలు పోసే ముత్తయ్యను మర్నాటి నుంచి రోజూ ఓ పావుగంట నిలబెట్టి మాట్లాడించింది. గేదెల గురించి, కోడళ్ళ గురించి, మోకాళ్ళ గురించి అతను చెప్పిందంతా శ్రద్ధగా వింది. మూడో గురువారానికి బుద్వేల్ యాదమ్మ పుట్టింది. ముప్పై అయిదేళ్ళ మనిషి, అప్పుడప్పుడు మాత్రం అరవై ఏళ్ళ మగవాడిలా మాట్లాడేది.

మొదట్లో యాదమ్మవి చిన్న కష్టాలే. ఆరో వారమో ఏడో వారమో దారి మారింది. ఏర్‌పోర్ట్ కట్టడం మొదలైన రోజులవి. పనికోసం ఎక్కడెక్కడి నుంచో మనుషులు దిగారు. పొద్దస్తమానం బన్నులు తిని టీలు తాగుతుంటే వరలక్ష్మి చూసింది. క్యారియర్లు కట్టి అమ్ముదామా అని ఇంట్లో ఒకసారి అడిగింది. "అకౌంట్స్ ఆఫీసర్ భార్య కూరలమ్ముతుందా?" అన్నాడు రాఘవయ్య, పేపర్లోంచి తల ఎత్తకుండా. ఆమె మళ్ళీ అడగలేదు. గురువారం యాదమ్మ అడిగింది.

"సారూ, క్యారియర్లు పెడ్దామనుకుంటున్న. మా ఆయన వద్దంటున్నడు. పరువు పోతదట."

"ఆయన చెప్పిందీ ఆలోచించాలి కదమ్మా. సంసారమన్నాక కొంత సర్దుకుపోవాలి."

"ఎంత సర్దుకపోవాలె సారూ? కొలత జెప్పు."

రాఘవయ్య మంచినీళ్ళు తాగాడు.

తర్వాతి గురువారాల్లో యాదమ్మ కొలత అడుగుతూనే ఉంది. పదకొండో వారం ఫోన్ కలవగానే తను వండబోయే ఏడు రకాల కూరలూ చెప్పింది. ఏ కూరకు ఏ నూనో కూడా చెప్పింది. "సోమవారం మొదలువెడ్తున్న. మా ఆయనను అడుగ. నిన్ను అడుగుతున్న సారూ. చెయ్యాల్నా, వద్దా?"

రాఘవయ్య కెమెరాలోకి చూస్తూ ఉండిపోయాడు. నాలుగు నిమిషాలు అలాగే ఉన్నాడు. చివరికి కొండల్ ఒక చీరల దుకాణం ప్రకటన వేశాడు. వరలక్ష్మి ఫోన్ పెట్టేసింది. ఆ రోజు ఆయన ఇంటికొచ్చాడు, ఆమె అన్నం పెట్టింది, ఆయన తిన్నాడు. పన్నెండో గురువారం ఆయన స్టూడియోకి వెళ్ళలేదు. యాదమ్మ చెప్పిన సోమవారం ఆమె క్యారియర్లు కట్టలేదు.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో జరగాల్సినవన్నీ జరిగాయి. విమానాలు వచ్చాయి. అలేఖ్య పెళ్ళయి బెంగళూరు వెళ్ళింది. రాఘవయ్య రిటైరై కాలనీ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. కాలనీలో ఇప్పటికీ ఆయన్ని సలహాల సారనే అంటారు. వరలక్ష్మికి యాభై ఎనిమిదేళ్ళు. ఎప్పుడైనా కోపమొస్తే గొంతులో యాదమ్మ కదిలేది. మింగేసేది.

ఇప్పుడు ఆ యాదమ్మ కోసం మనిషి వస్తోంది.

"చనిపోయిందని చెబుదాం," అన్నాడు రాఘవయ్య, ఆదివారం టిఫిన్ దగ్గర.

"దేనివల్ల?"

"కామెర్లు."

"కామెర్లొస్తే దవాఖానకు తీసుకెళ్ళరా ఎవరూ?"

"అయితే గుండెపోటు. అధ్యక్షుణ్ణి, వరం. పెళ్ళాం చేత ఫోన్లు చేయించుకున్నాడని కాలనీలో తెలిస్తే బాగుంటుందా? అయినా లేని మనిషిని చంపితే నీకేమిటి కష్టం?"

వరలక్ష్మి ప్లేట్లు తీసింది. లేని మనిషన్న మాట సింకు దాకా ఆమె వెంట వచ్చింది. తన జన్మలో మొగుణ్ణి సూటిగా ఒక ప్రశ్న అడిగింది యాదమ్మ ఒక్కతే. ఆమె కూడా పోయిందంటే, ఆ ప్రశ్న ఎవరూ అడగనట్టే.

"నేను చంపను," అంది గిన్నెలు కడుగుతూ.

"నువ్వేం మాట్లాడకు. నేను చెబుతాను."

పన్నెండు దాటాక వచ్చిందామె. తెల్లచీర, చేతిసంచిలో బైబిలు, తలమీద ఇంకా తీయని హెల్మెట్. వరలక్ష్మి కంటే నాలుగైదేళ్ళు చిన్న. పేరు ప్రేమావతి అని, సాతంరాయి అని, ఏర్‌పోర్ట్ కార్గో దిక్కు లారీ డ్రైవర్లకు క్యాంటీన్ నడుపుతానని చెప్పింది. ప్రార్థన అయ్యాక మందిరం నుంచి సీదా వస్తున్నానంది. హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"సారూ, యాదమ్మ యాడున్నది?"

రాఘవయ్య గొంతు సవరించుకున్నాడు. "యాదమ్మగారు చాలా మంచి మనిషమ్మా. ఏం చేస్తాం. రెండేళ్ళ క్రితం ఒక రోజు ఉన్నట్టుండి..."

"ఉంది," అంది వరలక్ష్మి. టీ తెచ్చి అక్కడే నిలబడి ఉంది. "బాగానే ఉంది. ఉన్నట్టుండి ఏమీ కాలేదు. యాదమ్మను నేనేనమ్మా. బుద్వేలూ లేదు, ఏమీ లేదు. ఈ ఇంట్లోంచే చేశాను."

రాఘవయ్య ఫ్యాను వంక చూశాడు. ప్రేమావతి టీ కప్పు అందుకుని ఊదుకుంది.

"ఎర్కే అక్కా."

"ఏం తెలుసు?"

"నువ్వేనని. మూడో వారమే సారు మర్చిపోయి, ‘వరం, గ్యాస్ కట్టేశావా’ అన్నడు గద. యాదమ్మ ‘కట్టేసిన’ అన్నది. మా వాడకట్టంత ఇన్నరు."

"నేనలా అనలేదు," అన్నాడు రాఘవయ్య.

"అన్నవు సారూ. మా అత్త నవ్వి నవ్వి మంచం మీద పడ్డది."

వరలక్ష్మి కుర్చీ లాక్కుని కూర్చుంది. "అందరూ చూసేవాళ్ళా? మరి ఒక్కరూ ఫోన్ చేయలేదేం?"

"మొగడు పెండ్లాం మాట్లాడుకుంటుంటె నడుమ మేమెందుకక్కా? లైన్ బిజీ అయితదని మా అత్త పిల్లలను ఫోన్ ముట్టనియ్యకపోతుండె. నాట్లేసెటోళ్ళు గూడ పదకొండైతె కాళ్ళు కడుక్కోని వచ్చి కూసుంటుండె. గిసొంటి ప్రోగ్రాం మళ్ళ రాలే."

ప్రేమావతి టీ పూర్తిచేసి కప్పు కింద పెట్టింది.

"ఆ సోమవారం నేను షురు జేసిన అక్కా. నువ్వు జెప్పిన ఏడు కూరలే. మా ఆయనను నేను గూడ అడుగలే. సైకిల్ మీద క్యారియర్లు పెట్టుకోని పోయి, ఏర్‌పోర్ట్ గేటు కాడ సగం జాగ ఇడిసిన. నువ్వు గూడ వస్తవనుకున్న. రెండు మూడు సోమవారాలు తొవ్వ సూసిన. నువ్వు రాలే."

"రాలేదు," అంది వరలక్ష్మి. "నేను మొదలుపెట్టలేదు."

ఆ మాట పైకి అనడం ఇదే మొదటిసారి. అన్నాక, తను భయపడినంత పెద్దగా ఏమీ వినిపించలేదు.

"ఇగ అయిపోయిందేదో అయిపోయింది. రావిర్యాల కాడ మొన్ననే ఇంకొకటి తెరిసిన. వంట సూసుకునెటందుకు మనిషి కావాలె. అందరు యూట్యూబు సూసి వండేటోళ్ళే దొరుకుతున్నరు. నాకు యాదమ్మనే కావాలె." ప్రేమావతి రాఘవయ్య వైపు తిరిగింది. "గని సారూ, నాకొక్కటి జెప్పు. ఆ రోజు యాదమ్మ అడిగినదానికి నువ్వేం జెప్పలే. చీరలు సూపెట్టిండ్రు. తర్వాతి గురువారం వాడకట్టంత కూసున్నం, భజన వచ్చింది. ఇంతకు ఇంటికొచ్చి ఏం జెప్పినవ్?"

రాఘవయ్య కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు.

"టీవీలో చెప్పేది కాదనుకున్నానమ్మా. ఇంటికెళ్ళి చెబుదామనుకున్నాను. వచ్చేసరికి అన్నం పెట్టింది. తినేశాను."

"ఏం చెబుదామనుకున్నారు?" అంది వరలక్ష్మి.

"చేసుకోమందామని సగం, వద్దందామని సగం. నువ్వు మళ్ళీ అడుగుతావనుకున్నాను. నువ్వు అడగలేదు."

"యాదమ్మ అడిగింది కదండీ."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. వరలక్ష్మి ఆయన వంక ఇంకో క్షణం చూసి, ప్రేమావతి వైపు కుర్చీ జరుపుకుంది.

"వంట ఎన్నింటికి మొదలవుతుందమ్మా?"

"ఆరింటికి."

"దోసకాయ పచ్చడి ఎలా చేస్తున్నారు?"

ప్రేమావతి చెప్పింది. ఉడకబెడతామంది. వరలక్ష్మి చివరిదాకా విని, "రేపు పొద్దున వస్తాను. నేను వచ్చేదాకా అది ఎవరికీ పెట్టకండి," అంది.

ప్రేమావతి హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోయాక రాఘవయ్య చాలాసేపు వరండాలో కూర్చున్నాడు. తర్వాత లేచి కాలనీ వాచ్‌మన్‌కు ఫోన్ చేసి, రావిర్యాలకు రేపు ఆటో కావాలన్నాడు. ఎవరికని అవతల అడిగినట్టుంది.

"మా ఆవిడకు. వంటకు వెళ్తోంది," అన్నాడు. "అయిదింటికే వచ్చెయ్యమను. ఆలస్యమైతే ఊరుకోదు."