కరివేపాకు కాలమ్

హెర్న్‌డన్‌లో జ్ఞానప్రసూన అంటే తెలియని తెలుగువాళ్ళు తక్కువ. ఆవిడని చూడనివాళ్ళు కూడా ఆవిడ లిస్టుని చూసే ఉంటారు. ఇండియా వెళ్ళేవాళ్ళ లిస్టు అది. ఎవరు ఏ తేదీన బయల్దేరుతున్నారు, ఎప్పుడు తిరిగొస్తున్నారు, హైదరాబాదుకా విజయవాడకా, సూట్‌కేసులో ఎన్ని కిలోల చోటు మిగిలింది, అన్నీ ఇంటి అడ్రసుతో సహా అందులో ఉండేవి. అత్తగారికి విటమిన్ బిళ్ళలు పంపాలన్నా, అటునుంచి ఆవకాయ తెప్పించుకోవాలన్నా ముందు ఆ లిస్టు తెరవాల్సిందే. పన్నెండేళ్ళ పాటు ఆవిడ దాన్ని చంటిపిల్లని సాకినట్టు సాకింది.

అందులో చివరి కాలమ్ ఆవిడ సొంత తెలివి. కరివేపాకు మొక్కకి నీళ్ళు ఎవరు పోస్తారు, అని. వర్జీనియా చలిలో కుండీలో కరివేపాకు బతికించుకోవటం మాటలు కాదు. నెల రోజులు ఇండియా వెళ్ళొచ్చేసరికి ఎండుపుల్లలు మిగిలితే కళ్ళనీళ్ళు పెట్టుకున్న ఆడవాళ్ళని ఆవిడ చూసింది. ఆ గడి ఖాళీగా కనిపిస్తే దగ్గర్లో ఉన్నవాళ్ళెవరో ఒకరు తమ పేరు రాసేవారు. ఎంత మంచి ఆలోచన అని అందరూ మెచ్చుకున్నారు. దొంగలు కూడా మెచ్చుకున్నారు.

ఆవిడ ఉద్యోగం ఏమిటో చెప్తే నవ్వొస్తుంది. పాతికేళ్ళుగా డేటాబేస్ అడ్మిన్. ఏ ఫైలు ఎవరు చూడొచ్చు, ఎవరు చూడకూడదు అని తాళాలు వేయటమే ఆవిడ పని. పై మేనేజరు వచ్చి అడిగినా, అనుమతి కాగితం లేకపోతే ఒక్క వరుస చూపించేది కాదు. అలాంటి మనిషి తన సొంత లిస్టుని మాత్రం లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చని వదిలేసింది. మనవాళ్ళేగా అనుకుంది. మనవాళ్ళు వాళ్ళ మనవాళ్ళకి పంపారు, వాళ్ళు ఇంకో వాట్సాప్ గ్రూపుకి పంపారు. ఆ లింక్ ఎంతమంది చేతికి చేరిందో పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా చూసుకోలేదు.

రెండేళ్ళ క్రితం జూన్‌లో శ్రీవల్లి, ఆమె భర్త ఫణికుమార్ పిల్లల్ని తీసుకుని ఇండియాలో ఒక పెళ్ళికి వెళ్ళారు. ఫణి తండ్రి అనంతరామయ్యగారు వాళ్ళతోనే ఉంటారు. ఆయనకి మోకాలి ఆపరేషన్ అయి మూడు వారాలే కావటంతో డాక్టర్లు విమానం ఎక్కొద్దన్నారు. రోజూ క్యారేజీ పట్టుకెళ్ళి, మొక్కకి నీళ్ళు పోసి రావటానికి జ్ఞానప్రసూన ఒప్పుకుంది. వెళ్ళేది నేనే కదా, నా పేరు నేనెందుకు రాసుకోవటం అనుకుని శ్రీవల్లి వరుసలో ఆ గడి నింపలేదు. లిస్టు చూసినవాడికి అది నెలరోజుల పాటు మనిషి అడుగుపెట్టని ఇల్లు.

పట్టపగలు పదకొండింటికి ముగ్గురు వెనక తలుపు పగలగొట్టి లోపలికొచ్చారు. మన ఇళ్ళలో బంగారం ఉంటుందని వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. హాల్లో కాలు చాపుకుని కూర్చున్న పెద్దాయన్ని చూసి ముందు వాళ్ళే హడలిపోయారట. ఆ కంగారులో ఒకడు ఆయన్ని తోసేస్తే, ఆపరేషన్ చేసిన మోకాలి మీదే పడ్డారు. ఫోన్ ఛార్జర్ వైరుతో చేతులు కట్టేసి, ఇల్లంతా గాలించి పోయారు. పన్నెండున్నరకి సాంబారు క్యారేజీతో వెళ్ళిన జ్ఞానప్రసూనకి ఆయన నేల మీద కనిపించారు.

"అమ్మా ప్రసూనా, ముందు కాసిని నీళ్ళియ్యి," అన్నారాయన.

నెల తర్వాత దొంగలు దొరికారు. పోలీసు డిటెక్టివ్ ఆవిణ్ణి పిలిపించి, వాళ్ళ కారులో దొరికిన కాగితాలు బల్ల మీద పరిచాడు. ఆవిడ లిస్టే. ఆవిడ ముచ్చటపడి వేసుకున్న లేతపచ్చ రంగే. కరివేపాకు గడి ఖాళీగా ఉన్న ప్రతి వరుసకీ పెన్నుతో సున్నా చుట్టి ఉంది. ఆవిడ ఇంటికొచ్చి లిస్టు మొత్తం చెరిపేసి, బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చింది. ముందు సిగ్గుతో ఏడ్చింది, తర్వాత కోపంతో. సిగ్గు కొన్నాళ్ళకి తగ్గింది. కోపం తగ్గలేదు. లిస్టుని మళ్ళీ మొదలుపెట్టమని, ఈసారి పాస్‌వర్డ్ పెడదామని ఎంతమంది బతిమాలినా ససేమిరా అంది.

ఆ తర్వాత ఆవిడ తుపాకి కొన్నదా అని చాలామంది ఆరా తీశారు. మీకూ అడగాలనే ఉంటుంది. ఆవిడకి సిటిజన్‌షిప్ ఉంది, హక్కు ఉంది, కొన్నా తప్పు లేదు, కొనకపోయినా తప్పు లేదు. కొన్నదో లేదో మాత్రం ఇక్కడ రాయటం లేదు. రాస్తే ఈ చెప్పేదంతా దండగ.

ఈ జనవరిలో వర్జీనియా రాష్ట్రంలో ఒక బిల్లు ప్రతిపాదన వచ్చింది. తుపాకి ఉన్న ప్రతి ఒక్కరూ పేరు, ఇంటి అడ్రసు, తుపాకి మీది నంబరు ప్రభుత్వ రిజిస్టర్‌లో నమోదు చేయించుకోవాలట. దాని మీద జనం మాట వినటానికి శనివారం పొద్దున కమ్యూనిటీ హాల్లో సభ. వెళ్ళి వద్దని చెప్తానంది జ్ఞానప్రసూన.

భర్త భీమశంకరం చేతిలో కాఫీ కప్పు కింద పెట్టేశాడు. "మనకెందుకు ప్రసూనా ఈ గొడవ? ఆఫీస్‌లో తెలిస్తే ఏమనుకుంటారు? మీ నాన్నగారికి లైసెన్స్ గన్ ఉండేది కదా. ఎలక్షన్ వచ్చినప్పుడల్లా పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేసొచ్చేవారు. ఆయనెప్పుడైనా గొడవ చేశారా?"

"చెయ్యలేదు. ఆ నెల రోజులూ అడవిపందులు మా వేరుశనగ చేను కుళ్ళబొడిచేసేవి. ఎవరింట్లో తుపాకి ఉందో, ఎవరిది స్టేషన్‌కి వెళ్ళిందో పలమనేరు చుట్టుపక్కల అందరికీ తెలిసేది. నాన్న నోరు మూసుకున్నారని నేనూ మూసుకోవాలా?"

భీమశంకరం ఆ పందుల సంగతి పెళ్ళయినప్పటి నుంచి వింటున్నాడు. పందులకి ఎన్నికల తేదీ ఎవరు చెప్పేవారో మాత్రం ఇప్పటికీ తేలలేదు.

అసలు దెబ్బ కూతురి దగ్గర నుంచి వచ్చింది. నమ్రత ట్వెల్త్ గ్రేడ్. తల్లి నోరూ, తల్లి పట్టుదలా రెండూ వచ్చాయి.

"అమ్మా, స్కూల్‌కి ఎవడైనా గన్‌తో వస్తే క్లోసెట్‌లో దాక్కోటం నేను సెకండ్ గ్రేడ్‌లో నేర్చుకున్నా. లైట్స్ ఆఫ్ చేసి, సౌండ్ లేకుండా. టెన్ ఇయర్స్ నుంచి ఎవ్రీ ఇయర్ ప్రాక్టీస్ చేస్తున్నాం. గన్స్ ఎక్కడున్నాయో ఎవరికో ఒకరికి తెలియాలి కదా. నేను సపోర్ట్‌లో మాట్లాడతా. ఆల్రెడీ సైనప్ చేశా."

ఏడేళ్ళ పిల్ల చీకట్లో ఊపిరి బిగబట్టి కూర్చోవటం జ్ఞానప్రసూన కళ్ళ ముందు కదిలింది. ఆ పిల్ల సాయంత్రం ఇంటికొచ్చి మామూలుగా దోసె అడిగి ఉంటుంది, తను వేసి పెట్టి ఉంటుంది.

"నీ భయం ఉత్తదని నేననను," అంది చివరికి. "కొనేటప్పుడు ఎన్ని చెక్‌లు పెట్టినా నాకు ఓకే. లిస్టు మాత్రం వద్దు. లిస్టు చేసేవాళ్ళు చెడ్డవాళ్ళని కాదు నమ్రతా. నేను మాత్రం చెడ్డదాన్నా?"

"నీ షీట్ లీక్ అయిందని వాళ్ళది కూడా లీక్ అవ్వాలా?"

"నాది లీక్ అవుతుందని నేనూ అనుకోలేదు. వెళ్ళి మాట్లాడు. నేనూ మాట్లాడతాను."

శనివారం మంచు పడుతోంది. నమ్రత పెందలాడే స్నేహితురాళ్ళ కారులో వెళ్ళిపోయింది. భీమశంకరం కారు అద్దం మీద మంచు గీకి, తాళం చేతికిచ్చి, తను రానన్నాడు. అనంతరామయ్యగారు మాత్రం ఫోన్ చేసి మరీ తననీ ఎక్కించుకోమన్నారు. ఆ జూన్ తర్వాత ఆయన తలుపుకి వీపు పెట్టి కూర్చోలేరు. కారులో ముందు సీట్లో కూడా ఒకటికి రెండుసార్లు వెనక్కి చూసుకున్నారు.

హాలు గుమ్మంలో తెల్లజుట్టు అమెరికన్ ఆవిడ ఫారాలు ఇస్తోంది. పేరు, ఇంటి అడ్రసు, బిల్లుకి అనుకూలమా వ్యతిరేకమా, ఇంట్లో తుపాకి ఉందా. జ్ఞానప్రసూన పేరు రాసింది, వ్యతిరేకం దగ్గర టిక్ పెట్టింది, మిగతా రెండూ వదిలేసి ఇచ్చింది.

"ఏ గడీ ఖాళీగా ఉండకూడదండీ," అందా తెల్లజుట్టావిడ మర్యాదగానే. "మీరు ఈ ప్రాంతంవారే అని తెలియాలి కదా. రేపు మొత్తం పట్టిక వెబ్‌సైట్‌లో పెడతాం. అంతా బహిరంగం."

"డ్రైవింగ్ లైసెన్స్ చూపిస్తాను. చూసి తిరిగిచ్చేయండి. రాసుకోవద్దు."

"రాసుకోకుండా మాట్లాడే నంబరు ఇవ్వలేను."

జ్ఞానప్రసూనకి ఒళ్ళు మండిపోయింది. లిస్టు వద్దని చెప్పటానికొస్తే లిస్టులో చేరమంటున్నారు. రాస్తే తను చెప్పబోయే ప్రతి మాటా తనే చెరిపేసినట్టు. రాయకపోతే రెండు వారాలుగా అద్దం ముందు నిలబడి నేర్చుకున్న మూడు నిమిషాల మాటా నోట్లోనే ఉండిపోతుంది. ఫారం వెనక్కి తీసుకుని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగ్‌లో కుక్కేసింది.

"ఏమంటోందమ్మా?" అన్నారు అనంతరామయ్యగారు. ఆయనకి అంతా అర్థమైంది. ముప్పై రెండేళ్ళు తెనాలి హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పిన మనిషి.

"ఇంటి అడ్రస్ రాస్తే గాని మాట్లాడనివ్వరట బాబాయిగారూ."

"నాది రాయించు. నా అడ్రసు దొంగల దగ్గరే ఉంది, ఇంక దాచుకునేదేముంది?" ఆయనే ఇంకో ఫారం అందుకుని చక్కటి అక్షరాలతో నింపారు. "ఇప్పుడు అడుగు. నేను తెలుగులో మాట్లాడతాను, దుబాసి కావాలి. దుబాసికి కూడా ఫారం ఉందేమో కనుక్కో."

తెల్లజుట్టావిడ నిబంధనల కాగితం రెండువైపులా తిరగేసింది. దుబాసికి ఫారం లేదు. పైగా దుబాసి ఉంటే మూడు నిమిషాలకి బదులు ఆరు ఇస్తారట. వాళ్ళకి ఇరవై రెండో నంబరు వచ్చింది.

పద్నాలుగో నంబరు నమ్రతది. క్లోసెట్ సంగతే చెప్పింది, తడబడకుండా చెప్పింది. అనుకూలంగా వచ్చినవాళ్ళు ఒకవైపు చప్పట్లు కొట్టారు. వ్యతిరేకుల వరుసల్లో కొట్టినది జ్ఞానప్రసూన ఒక్కతే. పక్కవాళ్ళు ఎగాదిగా చూస్తే ఇంకొంచెం గట్టిగా కొట్టింది.

ఇరవై రెండు పిలిచారు. అనంతరామయ్యగారు చేతికర్ర ఊతంగా మైకు దగ్గరికి వెళ్ళి ఒక్క వాక్యం అన్నారు. "ఆ రోజు నేను ఇంట్లో ఉన్నానని లిస్టులో లేదు."

దాన్ని ఇంగ్లీషులో చెప్పటానికి జ్ఞానప్రసూనకి అయిదు నిమిషాలు పట్టింది. కరివేపాకు కాలమ్ సంగతి చెప్పింది. పెన్నుతో చుట్టిన సున్నాల సంగతి చెప్పింది.

"వాళ్ళు మా కాగితంలో నిండిన గడుల జోలికి పోలేదు. ఖాళీ గడి చూసి వచ్చారు. మీరు తుపాకులున్న ఇళ్ళ లిస్టు రాస్తే, లేని ఇళ్ళ లిస్టు కూడా రాసినట్టే. మా లిస్టు చేసిన మనిషి దురుద్దేశంతో చేయలేదు. డేటాకి తాళాలు వేయటం ఆ మనిషి వృత్తి. ఆ మనిషే కాపాడలేకపోయింది. మీరు కాపాడతామంటే మేం నమ్మం. మీ పెద్దకుర్చీల్లో రేపు ఎవరు కూర్చుంటారో మీకే తెలియదు. కొనేవాళ్ళని దుకాణంలో తనిఖీ చేసుకోండి. మా ఇళ్ళు మాత్రం రాసుకోకండి."

"ఇదంతా నేనన్నానా?" అని అడిగారు అనంతరామయ్యగారు తెలుగులో.

"మీరే అన్నారు బాబాయిగారూ."

"బాగానే అన్నాను."

వేదిక మీద ఒక కమిటీ సభ్యుడు కళ్ళజోడు సర్దుకుని ముందుకి వంగాడు. "మరి మీ ఇంట్లో తుపాకి ఉందా అమ్మా?"

అటు వరుసలోంచి నమ్రత తల్లి వైపే చూస్తోంది. ఆవిడ మైకుని తన వైపు తిప్పుకుంది.

"ఉందంటే తుపాకి దొంగిలించేవాడికి చెప్పినట్టు. లేదంటే బంగారం దొంగిలించేవాడికి చెప్పినట్టు. ఎవరికీ చెప్పను. మీకూ చెప్పను."

ఆయన ఇంకేదో అడగబోయాడు గాని ఆరు నిమిషాల గంట మోగింది. తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాక అనంతరామయ్యగారు తన వీపు తలుపు వైపు ఉందన్న సంగతి గమనించుకోలేదు. ఆవిడ గమనించింది. చెప్పలేదు.

బిల్లు సంగతి కమిటీలో ఇంకా నలుగుతోంది. మర్నాడు ఆదివారం పొద్దున్నే పట్టిక వెబ్‌సైట్‌లో పెట్టారు. జ్ఞానప్రసూన వంటింట్లో నిలబడి, ఉప్మా రవ్వ వేగుతుండగా ఫోన్‌లో తెరిచింది. ఇరవై రెండో వరుసలో అనంతరామయ్యగారు, అడ్రసు, వ్యతిరేకం. ఇంట్లో తుపాకి ఉందా అంటే, లేదు, చేతికర్ర ఉంది. కింద చిన్న అక్షరాల్లో దుబాసి సహాయంతో అని ఉంది, ఏ దుబాసో లేదు. తన పేరు కొట్టి వెతికితే ఎక్కడా లేదు. తృప్తిగా స్టవ్ తగ్గించింది.

అప్పుడు కనిపించింది పద్నాలుగో వరుస. నమ్రత, అనుకూలం, వాళ్ళ ఇంటి నంబరు, వీధి పేరు, జిప్ కోడ్, పొల్లుపోకుండా. ఆవిడకి రక్తం మరిగింది. తను పెదవి విప్పకుండా కాపాడుకున్నదంతా కన్నకూతురు ఊరందరి ముందూ పరిచేసింది. మెట్ల దగ్గరికి వెళ్ళి పై గదిలో నిద్రపోతున్న పిల్లని కేకేయబోయి, ఆ వరుసలో ఆఖరి గడి మీద ఆగిపోయింది.

ఇంట్లో తుపాకి ఉందా అన్నచోట నమ్రత ఉందనీ రాయలేదు, లేదనీ రాయలేదు. ఖాళీగానూ వదల్లేదు. మా అమ్మని అడగండి, అని రాసింది.

జ్ఞానప్రసూన ఆ గడిని రెండుసార్లు చదివింది. ఫోన్ కొంగుతో తుడిచి గట్టు మీద పెట్టింది.

"అడగమను," అంది ఎవరూ లేని వంటింట్లో పైకే, కిటికీ దగ్గర కుండీలోంచి కరివేపాకు రెబ్బ తుంచుతూ.