అక్క చేనికి తొలిపిడికిలి

నేను కాపురానికి వచ్చేనాటికి అక్క నడిమింటి పక్క చీకటి గదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉండేది. అక్క అంటే నా తోడబుట్టినది కాదు. నా మగనికి ఇద్దరు అన్నలు. ఆ ఇద్దరిలో రెండో ఆయన భార్య ఆమె. ఆయన పోయి అప్పటికి ఏడాది తిరగలేదు. ఆమె నాకంటే ఎంతో పెద్దది కూడా కాదు.

మా ఊరు కోవిల్‌పట్టికి తూర్పున. పొద్దున బండి కడితే ఎండ ముదిరేలోపు పట్నం చేరవచ్చు. ఊరి చుట్టూ కనుచూపు మేర నల్లరేగడి. ఎండాకాలంలో ఆ నేల నోళ్లు తెరుచుకుని ఉంటుంది, గొర్రెపిల్ల కాలు ఇరుక్కునేంత నెర్రెలు. తడిసిందంటే మోకాళ్ల దాకా పట్టుకుని వదలదు. బావి లేదు, కాలువ లేదు. ఐప్పసి నెలలో, దీపావళి వేళకు వచ్చే వానే మాకు దిక్కు.

అక్కకు అన్నం తీసుకుపోయే పని మా అత్త నాకు అప్పజెప్పింది. కొత్త కోడలు పొద్దున్నే ఆ ముఖం చూడకూడదని పక్కింటి అవ్వ అంటే, అత్త మూతి తిప్పి, "ఆకలికి శకునం ఏందవ్వా? నువ్వు వచ్చి పెడతానంటే చెప్పు, ఈమెను పంపను" అంది.

నాకు చదువు లేదు గాని నోరుంది. కంచం అక్క ముందు పెట్టి, ఆమె తినేదాకా ఏదో ఒకటి చెబుతూ కూర్చునేదాన్ని. మా పుట్టింటి మేక పెళ్లిపందిట్లో దూరి పెళ్లికొడుకు మెళ్లో దండ తినేసిన సంగతి చెబుతుంటే ఆమెకు ముద్ద పొలమారింది. నీళ్లిచ్చి వీపు నిమిరాను. అప్పుడు తెలిసింది, నవ్వు ఆపుకోబోయి పొలమారిందని.

"దండ తిన్నాక పెండ్లి జరిగెనా లేదా?" అని అడిగింది.

అది ఆమె నాతో అన్న మొదటి మాట.

మా మామ మంచం పట్టినప్పుడు పెద్దలను నలుగురిని పిలిపించి, వాళ్ల ఎదుట అక్కను వాకిట్లోకి రమ్మన్నాడు. "ఉత్తరం పక్క చేను నీకిస్తా ఉండాను తల్లీ. నువ్వు విత్తినన్నాళ్లు నీది. ఒగ ఏడు బీడు పెడితే ఉమ్మడిలో కలిసిపోతాది. ఎవురూ అడ్డం చెప్పొద్దు" అన్నాడు. పెద్ద బావ, అంటే నా మగని పెద్దన్న, నవ్వాడు. "వాకిలి దాటని మనిషికి బూమి ఏందుకు నాయనా?" అన్నాడు. మామ ఆ నెలలోనే పోయాడు.

మా వాళ్లలో ఒక కట్టడి ఉండేది. చేనిలో తొలిపిడికిలి విత్తనం ముత్తైదువ చెయ్యే వేయాలి. పసుపు రాసుకుని, బొట్టు పెట్టుకుని, చేటలో గింజలు పట్టుకుని తూర్పుముఖంగా నిలబడి చల్లాలి. ఆ మీదట ఎవరైనా చల్లవచ్చు. మగడు పోయిన ఆడది మాత్రం తొలిపిడికిలి పడేదాకా గింజ ముట్టకూడదు. ముట్టుకుంటే మొలక మాడుతుంది, వాన ఊరు దాటిపోతుంది అని మావాళ్ల నమ్మకం. మామ చేను ఇచ్చాడు సరే. ఆ చేను అక్కకు నిలవాలంటే ఏటేటా ఇంకొకరి చెయ్యి కావాలి. ఆ చెయ్యి నాదైంది.

మొదటి ఏడు అక్క పెద్ద ఆశలేమీ పెట్టుకోలేదు. "ఈ ఏడు నేను పట్టపగలు వీదిలో నడిచి చేని దాకా పోయొస్తే సాలే. పంట సంగతి ఆ మీదట చూస్తాం" అంది.

నేను ముందు నడిచాను, ఆమె నా వెనక. ఎదురొచ్చినవాళ్లకు ముందుగా నా బొట్టే కనబడాలని మేం చేసుకున్న ఏర్పాటు. ఒకామె గబుక్కున తలుపు మూసింది. ఇంకొకామె చెంబు పట్టుకుని వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయింది. అక్క నా కొంగు వదలకుండా పట్టుకుని నడిచింది. గట్టు మీద కూర్చుని, "తిరిగి పోయేదానికి వేరే దారి లేదా?" అని అడిగింది. లేదన్నాను. లేచి నడిచింది.

ఆ ఏడు సేద్యగాళ్లే ఏదో పండించారు. మరుసటేడు ఇంటికి సరిపడా కొర్రలు ఉంటే చాలంది, ఉన్నాయి. ఆ తర్వాతే పత్తి మాట ఎత్తింది. పత్తి గింజకు నూగు ఉంటుంది, చేతిలో ఒకదానికొకటి అంటుకుని ఉండలు కడతాయి. పేడనీళ్లలో రుద్ది ఆరబెడితే విడివిడిగా జారతాయి. ఆమె ముట్టకూడదు కాబట్టి నేను రుద్దేదాన్ని, ఆమె ఎడంగా కూర్చుని పురమాయించేది.

"ఇంకా గెట్టిగా రుద్దు. నీ మొగుని వీపా అది, నొప్పి పుడతాదని బయపడేదానికి?"

నా మగడు పక్కన తాడు పేనుతూ, "నా వీపు ఎప్పుడు రుద్దింది వదినా?" అనేవాడు. ఆయనకు అక్క అంటే అభిమానం. పెద్దన్న ముందు మాత్రం నోరు లేచేది కాదు.

ఒక ఏడు పత్తి విరగకాసింది. మా ఇంటి పత్తంతా కలిపి కోవిల్‌పట్టిలో వేయడం మామూలు. అక్క తన పత్తిని వేరుగా విరుదునగరం తీసుకుపోవాలంది.

"అంత దూరం ఏందుకు వదినా? కోవిల్‌పట్టిలో లేనిది అక్కడేం ఉండాది?" అన్నాడు నా మగడు.

"కోవిల్‌పట్టిలో అందరికీ పెద్ద బావ తెలుసు. ఏ బండి పోయినా ఆయన పత్తి అంటారు. మనల్ని ఎరగని ఊరికి పోవాల."

బండి కట్టాడు. పత్తి కుక్కిన బోరాల వెనక మేమిద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. సాత్తూరులో ఎద్దులను విప్పి, మళ్లీ కట్టి, ఎట్లాగో చేరాం. విరుదునగరం బజారులో అడుగుపెట్టగానే మిరపకాయల ఘాటుకు ముగ్గురికీ దగ్గు. ఎద్దులు కూడా తుమ్మాయి. మండీ దగ్గర బేరం కుదిర్చే తరకుదారు ఒకడు బోరంలో చెయ్యి పెట్టి, చిన్న కుచ్చు తీసి, రెండు బొటనవేళ్ల మధ్య లాగి చూశాడు. "ఎవరింటి పత్తి ఇది?" అని అరవంలో అడిగాడు. నా మగడు గొంతు సవరించుకునేలోగా బండి వెనక నుంచి అక్క, "నాది" అంది.

వాడు ఆమె తట్టు తిరగను కూడా తిరగలేదు. "మంచి పత్తి" అని పక్క బండికి పోయాడు.

అంతే. వాడు రోజూ ఎన్ని బండ్లకు ఆ మాట అనేవాడో. తిరుగుదారిలో అక్క, "మంచి పత్తి అనెనే, వింటివా?" అంది. సాత్తూరు దాటాక మళ్లీ అంది. ఊరు దగ్గర పడేసరికి నా మగడు, "వదినా, ఇంగ ఆపు, ఎద్దులకు కూడా నోటికి వచ్చేసె" అన్నాడు. ఆమె అంత పెద్దగా నవ్వగలదని నాకు అప్పటిదాకా తెలియదు. నాకు కూడా ఆ ఏడు ఒక ధైర్యం వచ్చింది. పిల్లలు నిలవలేదని అందరూ నన్ను అనే మాటలు ఉండేవి. నా చేత్తో చల్లిన చేను కాసింది కదా అనుకునేదాన్ని.

మరుసటేడు ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, నా మగడు ఎద్దును చూడటానికి కోవిల్‌పట్టి సంతకు పోయాడు. వాంతిభేదితో తిరిగి వచ్చాడు. మర్నాటికి లేడు. దాన్ని గురించి ఇంతకంటే చెప్పలేను.

ఇప్పుడు ఆ గదిలో ఇద్దరమయ్యాం. కంచం అక్క తెచ్చేది. నాలాగా కథలు చెప్పడం ఆమెకు రాదు. ఊరికే కూర్చునేది.

వాన నెలకు ముందరి పురట్టాసి నెల ముగుస్తోంది. మా నేలలో వానకు ముందే పొడిదుక్కిలో విత్తనం వేసి పెట్టాలి. వాన పడ్డాక చేలో కాలు దిగదు, అదును దాటిపోతుంది. అందరి చేలూ విత్తడం అయిపోయింది. అక్క చేను మాత్రం దున్ని అట్లాగే ఉంది. తొలిపిడికిలి వేసే చెయ్యి లేదు. పెద్ద బావ ఏమీ అనలేదు, ఎద్దులు కూడా ఇచ్చాడు. అదును దాటితే చాలు, మామ మాట ప్రకారమే చేను ఉమ్మడిలో కలుస్తుంది. ఆయన తొందరపడే పని లేదు.

ఇంట్లో ముత్తైదువంటే ఇక పెద్ద బావ భార్యే, మా పెద్దక్క. రోటి దగ్గర పిండి రుబ్బుతుంటే పోయి అడిగాం.

"ఒగ పిడికిలి పెద్దక్కా. దారిన పోతా పోతా చల్లినా సాలు" అంది అక్క.

"దారిన పోతా చల్లేదానికి అవి కోళ్లకేసే నూకలా?" అంది పెద్దక్క. రుబ్బడం ఆపలేదు. కాసేపటికి గొంతు తగ్గించి, "మీ బావ వద్దనె. నేను ఆయనతో కాపురం చేసేదా, మీతో చేసేదా? నా మీద కోపం పెట్టుకోవద్దండే" అంది.

కలుపు తీసే కూలి ఆడవాళ్లలో ఒకామె అక్కంటే ప్రాణం పెట్టేది. ఆమెను అడిగాం. "చల్లుతానమ్మా. పంట పోతే మాత్రం నన్నే అంటారు. నా మొగునికి ఈ ఊళ్లో ఎవరు పని ఇస్తారు?" అంది అరవంలో. అక్క ఆమెను పొమ్మంది.

ఆ సాయంత్రం అక్క పెరట్లో పేడనీళ్లు కలిపి, గింజలు పోసి తనే రుద్దడం మొదలుపెట్టింది. నేను చూస్తూ నిలబడ్డాను.

"ఏందక్కా ఇది?"

"మన చేతుల్లో ఏముండాదే? తేలు ఉండాదా? ఇన్నేండ్లు నీ చెయ్యి చల్లితే కాసె. మీ ఆయన పోయిన పొద్దు ఆ చేతిలోనుంచి ఏం కారిపోయె, చెప్పు."

నేనూ కూర్చుని రుద్దాను.

పొద్దున్నే చేలోకి పోయాం. విత్తనం మీద మట్టి కప్పడానికి నాగలితో వచ్చిన ముసలి సేద్యగాడు మా చేతుల్లో చేట చూసి, వీపు మా వైపు తిప్పి నిలబడ్డాడు. రేపు ఎవరైనా అడిగితే చూడలేదని చెప్పుకోవడానికి.

"నేను వేస్తానక్కా, అలవాటైన చెయ్యి" అన్నాను.

"చేను నాది. తప్పైతే నాదే కావాల."

"బయంగా లేదా నీకు?"

"ఉండాది. ఉంటే ఉండనీ, చెయ్యి కదలతా ఉండాది చూడు."

తూర్పుకు తిరిగి చల్లింది. ఆమె వెంట నేను చల్లాను. మా వెనక ముసలాయన నాగలి తోలి మట్టి కప్పాడు. ఆ పూట మా అంత గట్టివాళ్లు ఊళ్లో లేరనిపించింది.

ఐప్పసిలో ఒక జల్లు పడింది, గింజ తడిసి మొలిచేంత. సాళ్ల వెంట ఆకుపచ్చగా రెండేసి ఆకులు. అక్క రోజూ పోయి వంగి చూసి వచ్చేది. ఆ జల్లే ఆఖరు. మబ్బు పట్టేది, తూర్పుగాలికి చెదిరిపోయేది. మొలకలు ముందు తల వంచాయి, తర్వాత నేల రంగుకు తిరిగాయి. మా చేను ఒక్కటే కాదు, ఊరి చేలన్నీ అంతే.

ఏ ముత్తైదువా ఆ చేనికి పోలేదని ఊరికి తెలుసు. పక్కింటి అవ్వ వీధిలో నిలబడి, "రెండు ముండల చెయ్యి పడె, మొయిలు పారిపోయె" అంది. ఆమె తిట్టినందుకు నేను ఏడవలేదు. ఎదురింటాయన చేను కూడా మాడింది. ఆయన మా తిన్నె మీద కూర్చుని, మమ్మల్ని ఒక్క మాట అనకుండా తుండుగుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు. అది తట్టుకోలేకపోయాను.

పెద్ద బావ పెద్దలను పిలిపించాడు. "ఎవురు చల్లిరి?" అని అడిగాడు.

"నేను" అంది అక్క.

"నాయన ఏమనె? విత్తినన్నాళ్లు నీదనె. ముత్తైదువ చెయ్యి పడకుంటే అది విత్తినట్టా? ఆ చేను బీడు పడినట్టే." ఆయన గొంతులో కోపం కూడా లేదు. పెద్దలు తలలూపారు. విత్తనం వేశాం, మొలిచింది, అందరి చేలతో పాటే మాడింది అని అక్క చెప్పబోయింది. అప్పటికే వాళ్లు లేచి తుండుగుడ్డలు దులుపుకుంటున్నారు.

మరుసటేడు ఆ చేనికి పెద్దక్క తొలిపిడికిలి వేసింది. పసుపు, బొట్టు, కొబ్బరికాయ, అన్నీ సరిగా జరిగాయి. ఆ ఏడు ఆ జల్లు కూడా పడలేదు. గింజ గింజగానే నేలలో పుచ్చిపోయింది. "కాలం చెడె" అన్నాడు పెద్ద బావ. అందరూ అదే అన్నారు. చెయ్యి మాట ఎవరూ ఎత్తలేదు.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం పెద్దక్క మా పెరట్లోకి వచ్చింది. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని ఉంది. "నా చెయ్యి గూడా మంచిది కాదేమో అని అవ్వ ఎవురితోనో అంటా ఉండెనంట" అంది. ఆమె ముఖంలో అంత భయం నేను ఎన్నడూ చూడలేదు. అక్క ఆమె కొంగు విప్పి చేతులు బయటికి తీసింది. "నీ చెయ్యి ఏం జేసె? వాన రాలే, అంతే. ఎవురేమన్నా నేనుండాను, అట్ల కాదని చెప్తాను" అంది. పెద్దక్క అక్క చేతులు పట్టుకుని ఏడ్చింది. ఇప్పుడైనా చేను మాట ఎత్తుతుందేమో, మీ బావతో చెబుతానంటుందేమో అని నేను కాచుకుని ఉన్నాను. ఆమె కళ్లు తుడుచుకుని, పొయ్యి మీద ఏదో ఉందని పోయింది.

నాకు ఒళ్లు మండింది. "నీ చేతికీ రాలేదే వాన, అని ఒగ మాట అని ఉంటే ఏమక్కా? ఊరంతా వింటుండె. మన చేను మనకు వస్తుండె."

"చేను యాడ వస్తాదే? అది రాదు" అంది అక్క. "ఆ మాట అంటే ఆ యమ్మ కూడా వచ్చి మన గదిలో కూర్చుంటాది. గది చిన్నది."

ఆ మీదట వానలు పడిన ఏళ్లు కూడా ఉన్నాయి, ఆ చేను బాగా కాసిన ఏళ్లు కూడా. మామ మాట చెవులారా విన్న పెద్దలు ఒకరి తర్వాత ఒకరు పోయారు. మేము మళ్లీ అడగలేదు. అడగడానికి ఎవరూ మిగల్లేదు.