సనోబర్ అక్క దూలాలు

మా ఊరు మర్గిలాన్‌లో గూడ్స్ స్టేషన్ వెనక కలప బజారుంది. అందులో మూడో కొట్టు నాది. నా పేరు ఖాబిల్. పద్దెనిమిదేళ్లుగా రష్యా నుంచి వ్యాగన్లలో పైన్ దుంగలు తెప్పించి అమ్ముకుంటున్నాను. ఆ పద్దెనిమిదేళ్లూ నా నెత్తినెక్కి కూర్చున్న మనిషి ఒకావిడ ఉంది. ఆవిడ సంగతి చెబుతాను. మధ్యలో కొంచెం తిట్టినా ఏమీ అనుకోకండి, నాకు ఆ హక్కుంది.

సనోబర్ అక్క మా స్టేషన్‌లో మొక్కల క్వారంటైన్ ఇన్‌స్పెక్టరు. పరాయి దేశం నుంచి ఏ కలప వచ్చినా, ఏ బెరడు వచ్చినా ఆవిడ చూసి స్టాంపు వేస్తేనే సరుకు బయటికి కదులుతుంది. అలా చూసినందుకు సర్కారుకి మనమే ఫీజు కట్టాలి. కాగితాలు చూసినందుకు ఒకటి. కలప చూసినందుకు ఘనమీటరుకి ఇంతని ఇంకొకటి. పురుగు కనబడి, శుభ్రం చేయించి మళ్లీ చూపిస్తే మళ్లీ ఫీజు. ఆదివారం చూడమంటే ఒకటిన్నర రెట్లు. నా కలప, నా వ్యాగను, నా నడ్డి విరిగేలా తెప్పించుకున్న సరుకు. దాన్ని ఆవిడ చూడటానికి నేను డబ్బు కట్టడం ఎక్కడి న్యాయమో నాకు ఇవాళ్టికీ బుర్రకెక్కలేదు. పోనీ అందులో ఆవిడ ఒక్క సోమ్ డబ్బైనా తింటుందా అంటే అదీ లేదు. బ్యాంకులో కట్టి రసీదు తెచ్చి చూపించాలి. తినే మనిషైతే బేరమాడుకుని హాయిగా బతికేవాళ్లం. తినదు, అదే మా ఖర్మ.

పొట్టి మనిషి. యాభై మూడేళ్లు. పువ్వుల రుమాలు కట్టుకుని దాని మీద సర్కారు టోపీ పెడుతుంది. కాళ్లకి రబ్బరు బూట్లు. బెరడు కింద చిన్న కత్తి దూర్చి, పైకి లేపి, భూతద్దం పెట్టి చూస్తుంది. ఆ చూపుకి దుంగలే భయపడతాయని మా బజారులో అంటారు. సనోబర్ అంటే మా భాషలో పైన్ చెట్టే. తండ్రి ముద్దుగా చెట్టు పేరు పెట్టుకుంటే ఈవిడ పెద్దయ్యాక చెట్ల మీదే పడింది. ఒకసారి నా వ్యాగన్‌ని తొమ్మిది రోజులు ఆపేసింది. ఎందుకక్కా అని బతిమాలితే నా భుజం తట్టి, "నీ దుంగలో ఓ సంసారం కాపరముంది తమ్ముడూ, వాళ్లని ఖాళీ చేయించుకుని రా," అంది. అప్పుడు నాకు ఏడుపు రాలేదంటే నా గుండె ఎంత గట్టిదో చూడండి.

కిందటి మార్చిలో తడిమంచు కురిసింది. ఆ బరువుకి సనోబర్ అక్క ఇంటి మట్టికప్పు కూలిపోయింది. భర్త ఎప్పుడో పోయాడు, ఇంట్లో ఆవిడా, అత్తగారు హదిచమ్మా ఇద్దరే. ఆ సమయానికి ఇద్దరూ పక్కింటి పెళ్లిలో ఉండబట్టి బతికిపోయారు. అప్పటినుంచి పడిపోయిన గోడల మధ్య టార్పాలిన్ కట్టుకుని ఉంటున్నారు. వేసవంతా ఎలాగో గడిచింది. అక్టోబరులో వానలు, నవంబరులో చలి. ఈలోపు కప్పు పడకపోతే ఎనభై ఏళ్ల ముసలావిడని ఎక్కడ పడుకోబెట్టాలి? పేటలో అందరికీ అదే దిగులు.

సెప్టెంబరులో అక్క నా కొట్టుకొచ్చింది. అందరూ కప్పుకి మా ఊళ్లో పెరిగే పాప్లర్ దూలాలే వేస్తారు. ఈవిడకి వద్దట, వాటిని ఏ పురుగు ఎన్నేళ్లలో తినేస్తుందో తనకి బాగా తెలుసట. ఇరవై నాలుగు పైన్ దుంగలు కావాలంది. నేను పోసిన టీ చల్లారకముందే డబ్బు మొత్తం లెక్కపెట్టి ఇచ్చేసి, బిల్లు రాయించుకుని వెళ్లిపోయింది.

ఆవిడ అటు వెళ్లగానే నా బుర్ర పనిచెయ్యడం మొదలెట్టింది. మా స్టేషన్‌కి ఉన్నది ఒక్క ఇన్‌స్పెక్టరే. అంటే ఈవిడ కలపని ఈవిడే చూసుకోవాలి. నెత్తి మీద కప్పు లేదు, వానలు ముంచుకొస్తున్నాయి. ఏదో ఒక దుంగ దగ్గర ఆ కత్తి కాస్త మెత్తబడదా? ఆ ఒక్క క్షణం నా కంట పడితే చాలు, ఇక జన్మంతా ఆవిడ నా గుప్పిట్లో ఉంటుంది. తప్పే, ఒప్పుకుంటాను. కానీ పద్దెనిమిదేళ్లు ఫీజులు కట్టినవాడికి అలాంటి ఆలోచనలే వస్తాయి.

అలాగని ఆవిడ మీద మర్యాద లేదనుకునేరు. ఉంది. ఉండబట్టే కొంప మునిగింది. బెరడు ఒలిచిన దుంగ మా సెప్టెంబరు ఎండకి నిలువునా పగులుతుంది. బెరడుతో ఉంచితే చెక్కుచెదరదు. అందుకే మా బజారులో మనసుకి దగ్గరైనవాళ్లకి బెరడుతోనే తెప్పించి ఇస్తాం. నేను సైబీరియాలో సరుకు పంపేవాడికి ఫోన్ చేసి, నా దుంగలన్నీ మామూలుగా ఒలిచి పంపమన్నాను. ఆ ఇరవై నాలుగూ మాత్రం మా అక్కవి, వాటి బెరడు ముట్టుకోవద్దన్నాను. పురుగులకి బెరడంటే ఎంత ఇష్టమో నాకు తెలియదా? తెలుసు. ఇరవై నాలుగు దుంగలేగా, ఏమవుతుందిలే అనుకున్నాను.

వ్యాగన్ గురువారం వచ్చింది. ఆదివారం హషర్ పెట్టుకున్నారు. మా పేటలో ఎవరింటికి కప్పు వేయాలన్నా పేటంతా ఒకరోజు కూలి లేకుండా వచ్చి చేస్తుంది, దాన్నే హషర్ అంటాం. నలభై మంది వస్తామన్నారు. వడ్రంగి పెద్ద ఉస్తా ఎర్గష్ రంపాలు సానబెట్టుకున్నాడు. బియ్యం, మాంసం కలిపి ప్లోవ్ వండటానికి పెద్ద మూకుడు కూడా మాట్లాడేశారు.

శుక్రవారం పొద్దున్నే తనిఖీ. బజారులో మిగతా వ్యాపారులు కూడా టీ గిన్నెలు పట్టుకుని వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డారు. అందరి మనసులోనూ నాలాంటి పాడు బుద్ధే ఉందని వాళ్ల మొహాలు చూస్తే తెలిసిపోయింది. సనోబర్ అక్క అప్పటికే బ్యాంకుకి వెళ్లి తన ఫీజు తనే కట్టొచ్చింది. బల్ల ఇవతల నిలబడి దరఖాస్తు రాసింది. బల్ల అవతలికి వెళ్లి కూర్చుని ఆ దరఖాస్తు అందుకుంది, చదివింది, ముట్టినట్టు స్టాంపు వేసింది. తేదీ మర్చిపోయానని మళ్లీ ఇవతలికొచ్చి వేసింది. మేం నవ్వు ఆపుకోలేక చచ్చాం.

నా దుంగలు గంటలో అయిపోయాయి. తరవాత ఆవిడవి. ఒకటి, రెండు, ఆరు బాగానే ఉన్నాయి. ఏడో దుంగ దగ్గర కత్తి బెరడు కిందికి దూరింది, పైకి లేచింది, ఆగిపోయింది. నేను పక్కనే ఉన్నాను. బెరడు లోపలి వైపంతా గీతలు గీతలుగా దారులు. ఆ దారుల్లో బియ్యపు గింజలంత తెల్లటి పురుగులు మెదులుతున్నాయి. గోడ దగ్గరున్న వాళ్లకి ఇవేవీ కనబడవు. చూసింది ఆవిడా నేనూ, అంతే.

ఇన్నేళ్లూ నేను ఎదురుచూసిన క్షణం అదే. తీరా వచ్చేసరికి నాకు గుర్తొచ్చింది ఒక్కటే. ఆ బెరడు ఉంచమన్నది నేనే కదా. ఆవిడ మొహంలోకి చూడలేక నేల చూపులు చూస్తూ నెమ్మదిగా అన్నాను.

"అక్కా, నేనేం చూళ్లేదు."

"నేను చూశాను కదా తమ్ముడూ."

"ఎల్లుండే హషర్. ఇవాళో రేపో వానలు పడతాయి. ఇల్లు చూస్తే నీదాయె."

"ఇల్లు నాదే. ఆ సంగతి పురుక్కి తెలీదుగా," అని కత్తి తుడుచుకుంది. "ఇది ఇక్కడ దిగితే నా ఇంటితో ఆగుతుందా? పార్కులో పైన్‌లు, కొండ మీద అడవి, అన్నీ దీనికి ఇళ్లే."

బల్ల దగ్గరికెళ్లి సరుకు నిరాకరించినట్టు కాగితం రాసింది. ఇన్‌స్పెక్టరుగా ఒక సంతకం, కిందే యజమానిగా ఒక సంతకం పెట్టి ఒక ప్రతి సంచిలో వేసుకుంది. బెరడంతా స్టేషన్ ఆవరణలోనే ఒలిచి, గుంటలో తగలబెట్టి, మళ్లీ తనిఖీ చేయించుకోవాలి. రెండోసారి తను చూడనంది. తన కన్ను మెత్తబడుతుందేమోనని భయమట. అప్పటికప్పుడు ఫెర్గానాలోని పెద్దాఫీసుకి ఫోన్ చేసి వేరే ఇన్‌స్పెక్టర్ని పంపమంది. గోడ దగ్గర వాళ్లు టీ గిన్నెలు దులుపుకుని వెళ్లిపోయారు.

శనివారం మధ్యాహ్నం తప్పు ఒప్పుకుందామని ఆవిడ ఇంటికెళ్లాను. టార్పాలిన్ కింద హదిచమ్మ నన్ను కూర్చోబెట్టి టీ పోసింది. పోస్తూనే అందుకుంది. ఎవడో బుద్ధిలేని వెధవ దుంగల్ని బెరడుతో పంపాడట, వాడి కొంప కూల, వాడి మీసాల్లో పేలు పడ అని పావుగంట సేపు తిట్టింది. నేను మీసం మీద చెయ్యేసి కప్పుకుని రెండు గిన్నెల టీ తాగాను. మూడోది తాగలేక ఆ వెధవని నేనేనని చెప్పేశాను. ముసలావిడ నన్ను ఎగాదిగా చూసి, "తెలిస్తే చక్కెర వేసేదాన్ని కాదురా అబ్బాయ్," అంది.

సనోబర్ అక్క తల కూడా ఎత్తలేదు. తడిసిన గోడకి ఆనించిన పరుపులు సర్దుతోంది.

"నాకు తెలుసు. సరుకు చీటీ మీదే రాసుంది, కొన్నవాళ్లు కోరినందున బెరడు ఉంచామని."

"మరి నాతో అనలేదేం?"

"అంటే ఆ ఫీజు నేను కడతానని మీద పడతావని."

"కడతాను. తప్పు నాది."

"ఫీజు కట్టాల్సింది సరుకు యజమాని. యజమాని నేను."

నాకు ఒళ్లు మండిపోయింది. పద్దెనిమిదేళ్లు నా దగ్గర ముక్కుపిండి కట్టించి, ఇవాళ నేనే కడతానంటే వద్దంటావేమిటని గట్టిగానే అరిచాను. అంత అరిచినా ఆవిడ కరగలేదు. హషర్ సంగతి ఏం చేస్తావంటే, పిలిచిన వాళ్లని రావద్దనడం మా ఇంటా వంటా లేదంది. అది మాత్రం నిజమే. పిలిచాక ఆపడం మా పేటలో ఎవరికీ చేతకాదు.

ఆదివారం పొద్దున నలభై మందీ వచ్చారు. కప్పు వేయడానికి దూలాల్లేవు. నేను ముందుకెళ్లి జరిగిందంతా చెప్పాను. వాళ్లు తిట్టాల్సింది తిట్టారు. తరవాత గొడ్డళ్లు, గీకుడు కత్తులు భుజాన వేసుకుని స్టేషన్‌కి నడిచాం. మూకుణ్ణి కూడా బండి మీద అక్కడికే తోలించాం. ఒలిచిన బెరడు గుట్టలు చూసి హదిచమ్మకి ప్రాణం లాగింది, ప్లోవ్ కింద వంటచెరకు కలిసొస్తుందంది. ఆ జిగురు పొగ తగిలితే అన్నం నోట పెట్టలేమని వంటవాడు మొత్తుకున్నాడు. ఎవరేమన్నా సరే, గుంట దాటి ఒక్క పెచ్చు బయటికి పోకూడదని సనోబర్ అక్క కాపలా కాసింది. నా అరచేతులు బొబ్బలెక్కాయి. ఎవరూ జాలిపడలేదు.

మధ్యాహ్నానికి ఫెర్గానా ఇన్‌స్పెక్టరు దిల్మురాద్ దిగాడు. ఒకప్పుడు సనోబర్ అక్క దగ్గర పని నేర్చుకున్నవాడే. సరుకు ఎవరిదో తెలిశాక అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇరవై నాలుగు దుంగల్నీ రెండు గంటలపాటు తడిమి తడిమి చూశాడు. పంతొమ్మిదో దుంగ మీద అరచేతికన్నా పెద్ద బెరడు ముక్క దొరికింది. దాన్ని చూశాడు, ఆవిడని చూశాడు. ఆవిడ రైలు పట్టాల వైపు చూస్తోంది. "ఇది గీకించాలండి, టీచర్," అన్నాడు. ఆ రోజు ఆవిడ నవ్వింది అప్పుడొక్కసారే.

గీకాం, పాసయింది. అతను ఫీజు చీటీ రాసి ఇచ్చాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదివింది.

"ఇవాళ ఏ వారం, దిల్మురాద్?"

"ఆదివారమండీ."

"మరి చీటీలో మామూలు రోజు రేటేశావే?"

పాపం అతను చీటీ చింపి ఒకటిన్నర రెట్లకి మళ్లీ రాశాడు. నలభై మందీ పొట్టలు పట్టుకుని నవ్వారు. నేను నవ్వలేకపోయాను. మంగళవారం వాన పడుతుందని రేడియో అప్పటికే చెప్పింది, హషర్ రోజేమో బెరడుకే అయిపోయింది.

రేడియో చెప్పినట్టే పడింది. మూడు రోజులు విడవకుండా పడింది. టార్పాలిన్ ఒకవైపు చిరిగి ముసలావిడ పరుపు తడిసి ముద్దయింది, దగ్గు పట్టుకుంది. పక్కింటివాళ్లు రమ్మన్నా ఆవిడ రానంది, తన గుమ్మం వదలనంది. ఆ మూడు రోజులూ నాకు కొట్లో కూర్చోబుద్ధి కాలేదు. వాన చినుకు నా కొట్టు కప్పు మీద పడ్డప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయాను.

శుక్రవారం తెరిపిచ్చింది. పనులు మానుకుని రాగలిగిన వాళ్లు పాతిక మంది మళ్లీ వచ్చారు. నడి దూలాన్ని తాళ్లతో సగం దాకా ఎత్తి ఉస్తా ఎర్గష్ ఆపేశాడు. దూలం బరువెక్కింది, కదలనంటోందని పైనించి కేకేశాడు. అది ప్రతి ఇంటి దగ్గరా వడ్రంగులు అనే మాటే. అప్పుడు చుట్టాలూ పక్కాలూ దూలానికి కొత్త గుడ్డలు కడతారు. ఆ గుడ్డలు వడ్రంగులకి చెందుతాయి. తలా ఒక రుమాలు, తువ్వాలు కట్టారు. నేను సంచిలోంచి ఆరు మీటర్ల పట్టు తీశాను. సనోబర్ అక్క అడ్డం వచ్చింది.

"ఖాబిల్, నువ్వు దిగుమతిదారువి. నీ దగ్గర నేనేమీ పుచ్చుకోకూడదు."

"నీకెవరిస్తున్నారక్కా? దూలానికి కడుతున్నా. సాయంత్రం ఉస్తా పట్టుకుపోతాడు."

ఆవిడ నుదురు చిట్లించి ఆలోచించింది. మనసులో నిబంధనలన్నీ ఒకటో పేజీ నుంచి తిరగేస్తోందని తెలుస్తూనే ఉంది. ఈ పద్దెనిమిదేళ్లలో ఆవిడకి నిబంధన దొరక్కపోవడం నేను చూడ్డం అదే మొదటిసారి.

"ఎక్కడి గుడ్డ అది?" అంది చివరికి.

"మన మర్గిలాన్‌దే. మన మగ్గం మీద నేసిందే. దిగుమతి సరుకు కాదు, ఫీజు లేదు."

ఆవిడ నవ్వబోయింది. నవ్వు రాలేదు, కళ్లనిండా నీళ్లొచ్చాయి. రుమాలు అంచుతో ఒత్తుకుని పక్కకి తప్పుకుంది. "కట్టు తమ్ముడూ," అంది.

నా ఒంటికి నిచ్చెన ఎక్కడం ఎంత కష్టమో చూడాలి. ఎక్కాను. బొబ్బల చేతులతో ముడి వేస్తే మూడుసార్లు జారింది. కింద పాతికమందీ నా బొజ్జ మీద మాటలు విసురుతుంటే నాలుగోసారి గట్టిగా బిగించాను. ఉస్తా ఎర్గష్ తాడు లాగమన్నాడు. దూలం లేచి గోడల మీద కూర్చుంది. దాని మీద ఇంకా పలకలు వేయలేదు, పైన ఆకాశమే ఉంది. హదిచమ్మ అదేమీ చూడలేదు. దగ్గుకుంటూ వెళ్లి తన పరుపు ఈడ్చుకొచ్చి, సరిగ్గా ఆ దూలం కింద పరుచుకుని పడుకుంది.